హలీం భట్టీ పెడుతున్నారా? ముందు ఒక కాగితం మీద రెండు గీతలు గీయండి

షబే బరాత్ దాటిందంటే చాలా ఇళ్లల్లో ఒకటే మాట మొదలవుతుంది. ఈసారి రంజాన్‌కి హలీం పెడదామా అని. హైదరాబాద్ సంగతి సరే, అక్కడ ఏళ్ల నాటి పేరున్న హోటళ్లు ఉన్నాయి. ఇప్పుడు నిజామాబాద్, వరంగల్, కర్నూలు, కడప, గుంటూరు, ఎక్కడ చూసినా రోడ్డు పక్కన ఇటుకల భట్టీ, పైన పెద్ద డేగిశా, ముందు లైట్ల బోర్డు కనిపిస్తున్నాయి. అన్నదమ్ములో దోస్తులో కలిసి, ఉన్న డబ్బు పోగేసి, చాలనిది చేబదులు తెచ్చి చేసే నెల రోజుల వ్యాపారం ఇది. ఈద్ అయ్యాక కొందరు నవ్వుతూ లెక్క చెబుతారు. కొందరు అసలు లెక్కే ఎత్తరు.

లెక్క ఎత్తని వాళ్ల దగ్గర హలీం బాగోలేదని కాదు. మగ్రిబ్ తర్వాత జనం నిలబడే ఉంటారు, గల్లాలో నోట్లు పడుతూనే ఉంటాయి. చివరికి చూస్తే పెట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. ఎక్కడ పోయింది అని అన్నదమ్ముల మధ్య మాట మొదలవుతుంది. ఆ మాట ఒక్కోసారి తర్వాతి రంజాన్ దాకా సాగుతుంది.

ఈ గొడవల్లో చాలా భాగం భట్టీ కట్టక ముందే, ఒక నోట్‌బుక్ పేజీ మీద తేలిపోతుంది. దానికి కావాల్సిన లెక్క పదో తరగతిలో అందరూ చదివిందే. తెలుగు మీడియం పిల్లలు దాన్ని 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు' అని చదువుతారు, ఉర్దూ మీడియంలో అదే 'ఖత్తీ మసావాత్'. పరీక్ష రాసి మర్చిపోయే ఆ పాఠమే వ్యాపారంలో బ్రేక్ ఈవెన్ లెక్క అవుతుంది. బ్రేక్ ఈవెన్ అంటే లాభమూ లేదు, నష్టమూ లేదు, పెట్టింది పెట్టినట్టు తిరిగొచ్చిన చోటు.

ఒక ఇంటిని ఊహించుకుందాం. నిజామాబాద్ లాంటి ఊరు. అన్నకి మొబైల్ రిపేర్ షాపు ఉంది, తమ్ముడు ఆటో నడుపుతాడు. అన్న కూతురు ఇంటర్‌లో ఎంఈసీ చదువుతోంది. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తమ్ముడు నోటి లెక్క చెబుతున్నాడు.

"ప్లేటు 200కు అమ్ముదం భాయ్. సామాన్‌కు 120 అయితది. ప్లేటుకు 80 మిగుల్తయి. రోజుకు 80 ప్లేట్లే పోయినా 6,400. ముప్పై రోజులకు లక్షా 92 వేలు!"

"చాచా, భట్టీ జాగా కిరాయి, వంట మాస్టర్ జీతం ఇందుల లేవు కదా?" అంది కూతురు.

"అవి విడిగా ఇస్తం బేటీ."

"విడిగా అంటే దేంట్లకెళ్లి ఇస్తరు?"

మొత్తం విషయం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

రెండు రకాల ఖర్చు

హలీం భట్టీకి అయ్యే ఖర్చు రెండు రకాలు. ఒకటి, ఒక్క ప్లేటు కూడా అమ్మకపోయినా పెట్టాల్సింది. దీన్ని కామర్స్‌లో స్థిర వ్యయం, ఫిక్స్‌డ్ కాస్ట్ అంటారు. మన ఇంటి లెక్కలో అది ఇలా ఉందనుకుందాం. రోడ్డు పక్క జాగాకి నెల కిరాయి 40,000. భట్టీ కట్టించడం, టెంటు, లైట్లు, బోర్డు కలిపి 28,000. డేగిశాలు, గిన్నెలు అద్దెకి 12,000. వంట మాస్టర్‌కి నెలకి 60,000. గోధుమలు, మాంసం కలిసిపోయేలా కర్రలతో దంచడానికి ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి 25,000 చొప్పున 50,000. కౌంటర్ దగ్గర కుర్రాడికి 15,000. కరెంటు, నీళ్లు, ఫుడ్ రిజిస్ట్రేషన్, పాంప్లెట్లు అన్నీ కలిపి 15,000. మొత్తం 2,20,000 రూపాయలు.

రెండోది ప్లేటుతో పాటు పెరిగే ఖర్చు. మటన్ 75, గోధుమలు, పప్పులు 5, నెయ్యి 14, మసాలా, వేయించిన ఉల్లిపాయ, జీడిపప్పు, నిమ్మకాయ 12, కట్టెలు 5, డబ్బా, స్పూను, కవరు 9. కూడితే ప్లేటుకి 120. ఇది చర వ్యయం, వేరియబుల్ కాస్ట్. ఈ అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవే. మీ ఊళ్లో మటన్ ధర వేరు, మాస్టర్ అడిగే జీతం వేరు. అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

మటన్ తగ్గించి గోధుమ పెంచితే ప్లేటు ఖర్చు తగ్గుతుంది కదా అని కొందరికి అనిపిస్తుంది. హైదరాబాదీ హలీంకి 2010లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు రాసుకున్న ప్రమాణం ప్రకారం 10 పాళ్ల మాంసానికి 4 పాళ్ల గోధుమ. ఆ పేరు బోర్డు మీద రాసి పాళ్లు తిప్పేస్తే మొదటి జుమా దాటకముందే ఊరంతా తెలిసిపోతుంది. అప్పుడు ప్లేటు ఖర్చు తగ్గి లాభమేముంది, ప్లేట్లే పోవు.

రెండు గీతలు

ఇప్పుడు నోట్‌బుక్‌లో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అడ్డ గీత మీద నెల మొత్తంలో అమ్మే ప్లేట్లు, 0 నుంచి 5,000 దాకా. నిలువు గీత మీద రూపాయలు, 0 నుంచి 10 లక్షల దాకా.

మొదట వచ్చే డబ్బు. ప్లేట్ల సంఖ్యని ఎక్స్ అనుకుంటే, వచ్చేది 200 ఎక్స్. ఏమీ అమ్మకపోతే ఏమీ రాదు, అందుకే ఈ గీత మూల నుంచి, అంటే సున్నా దగ్గర నుంచి బయలుదేరుతుంది. 5,000 ప్లేట్ల దగ్గర 10 లక్షలకి చేరుతుంది. ఈ రెండు చుక్కలు స్కేలుతో కలిపితే చాలు. సరళరేఖకి రెండు బిందువులు సరిపోతాయి.

తర్వాత పోయే డబ్బు. ఇది 120 ఎక్స్ + 2,20,000. స్కూల్లో వై = ఎం ఎక్స్ + సి అని బట్టీ పట్టింది గుర్తుందా, అదే ఇది. ఇక్కడ 'ఎం' అంటే 120, గీత ఎంత ఏటవాలుగా లేస్తుందో చెప్పేది, పుస్తకంలో దాని పేరు వాలు. 'సి' అంటే 2,20,000, గీత నిలువు అక్షం మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పేది, దాని పేరు అంతరఖండం. కాబట్టి ఖర్చు గీత సున్నాలో మొదలవదు. మొదటి ప్లేటు వడ్డించకముందే 2,20,000 ఎత్తులో ఉంటుంది. 5,000 ప్లేట్ల దగ్గర 8,20,000కి చేరుతుంది.

రెండు గీతలూ చూస్తే, ఖర్చు గీత పైన మొదలై నెమ్మదిగా లేస్తోంది. రాబడి గీత కింద మొదలై వేగంగా లేస్తోంది. ఒక చోట రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ చోటే బ్రేక్ ఈవెన్. దానికి ఎడమ వైపు ఉన్నంతసేపూ నష్టం, కుడి వైపుకి వెళ్లాక లాభం.

కచ్చితమైన సంఖ్య కావాలంటే రెండూ సమానం అని రాయాలి. 200 ఎక్స్ = 120 ఎక్స్ + 2,20,000. రెండు వైపుల నుంచీ 120 ఎక్స్ తీసేస్తే 80 ఎక్స్ = 2,20,000. ఎక్స్ = 2,750.

రెండు వైపులా ఉన్న ఒకే రకం పదాల్ని ఇలా ఎదురెదురుగా పెట్టి కొట్టేయడానికి ఒక పాత పేరుంది, ముఖాబలా. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులో 'అల్ జబ్ర్'తో పాటు ఈ మాట కూడా ఉంది. ఆల్జీబ్రా అనే పేరు ఆ పుస్తకం నుంచే వచ్చింది. వారసత్వ పంపకాలకి, వ్యాపారానికి జనానికి రోజూ పనికొచ్చే లెక్కగానే ఆయన దాన్ని పరిచయం చేశాడు. పరీక్షల కోసం పుట్టిన లెక్క కాదది.

సరే, 2,750 ప్లేట్లు. 30 రోజులకి పంచితే రోజుకి 91.67, అంటే 92 ప్లేట్లు. నెలవంక 29న కనిపిస్తే ఒక రోజు తగ్గుతుంది, అప్పుడు రోజుకి 95 కావాలి. ఒక్క రోజు తేడాకి ఇంత మారుతుంది.

తమ్ముడు చెప్పిన 80 ప్లేట్ల లెక్కకి తిరిగొద్దాం. రోజుకి 80 అంటే నెలకి 2,400. ప్లేటుకి 80 చొప్పున మిగిలేది 1,92,000. ఆయన చెప్పిన అంకె నిజమే. కానీ అది లాభం కాదు. అది స్థిర ఖర్చుని తీర్చడానికి వచ్చిన డబ్బు. కామర్స్‌లో దీన్ని కాంట్రిబ్యూషన్ అంటారు. 2,20,000 తీర్చాల్సిన చోట 1,92,000 వచ్చింది, ఇంకా 28,000 జేబులోంచి పడింది. లక్షా 92 వేల లాభం అనుకున్న వ్యాపారం 28 వేల నష్టం. రుచి ఒకటే, జనం ఒకటే, డబ్బూ ఒకటే. తేడా అంతా ఆ డబ్బుకి ఏం పేరు పెట్టుకున్నాం అన్న దగ్గరే వచ్చింది.

ఇదే లెక్కలో సంతోషపడే సంగతీ ఉంది. 2,750 దాటాక వచ్చే ప్రతి ప్లేటులో 80 రూపాయలు పూర్తిగా మనవే. రోజుకి 100 పోతే నెలకి 3,000 ప్లేట్లు, లాభం 20,000. రోజుకి 150 పోతే 4,500 ప్లేట్లు, లాభం 1,40,000. అమ్మకం ఒకటిన్నర రెట్లు అయితే లాభం ఏడు రెట్లు అయింది. పక్క వీధి భట్టీ వాడు అంత సంపాదించాడట అనే కథలు ఇక్కడి నుంచే పుడతాయి. ఆ కథ విన్నవాళ్లు వాళ్ల లాభం చూస్తారు. రోజుకి ఎన్ని ప్లేట్లు పోయాయో అడగరు.

ధర తగ్గిద్దామా, మూల మీద జాగా తీసుకుందామా

మూడో రోజుకే ఎదురుగా ఇంకో భట్టీ వస్తుంది. వాళ్లు 180కి ఇస్తారు. "మనం కూడా 180 చేద్దం, 20 రూపాయలే కదా" అనిపిస్తుంది. గీతల దగ్గరికి వెళ్లి చూడాలి. రాబడి గీత వాలు 200 నుంచి 180కి తగ్గింది. ప్లేటుకి మిగిలేది 80 నుంచి 60కి పడింది. 2,20,000ని 60తో భాగిస్తే 3,667 ప్లేట్లు, రోజుకి 123. ధర పదో వంతు తగ్గిస్తే, పెట్టింది తిరిగి రావడానికే ప్లేట్లు మూడో వంతు పెరగాలి. రోజుకి 31 ప్లేట్లు అదనంగా పోతాయన్న నమ్మకం ఉంటే తగ్గించండి. లేదంటే 200 దగ్గరే ఉండి, నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేయడం చవక. చెంచాకి 4 రూపాయలు అయినా మిగిలేది 76, అప్పుడు రోజుకి 97 ప్లేట్లు చాలు.

మటన్ ధర కూడా ఇలాగే. రంజాన్‌లో ధర పెరగడం కొత్తేం కాదు. ప్లేటుకి 10 రూపాయలు పెరిగిందంటే ఖర్చు గీత ఇంకాస్త నిటారుగా లేస్తుంది, రోజుకి 105 ప్లేట్లు కావాలి. అందుకే కసాయి దగ్గర నెల మొత్తానికి ఒకే ధర మాట్లాడుకున్నవాళ్లు నిద్రపోతారు, రోజు ధరకి కొనేవాళ్లు పొద్దున్నే ఫోన్లు చేస్తుంటారు.

జాగా విషయం వేరు. మసీదు ఎదురుగా మూల మీద స్థలం ఉంది, కిరాయి 40,000 ఎక్కువ. ఇక్కడ వాలు ఏమీ మారదు, ఖర్చు గీత మొత్తం పైకి జరుగుతుంది. 2,60,000ని 80తో భాగిస్తే 3,250 ప్లేట్లు, రోజుకి 109. అంటే లోపలి గల్లీతో పోలిస్తే రోజుకి 17 ప్లేట్లు ఎక్కువ పోవాలి. ఇప్పుడు ప్రశ్న సులువైంది. 'కిరాయి ఎక్కువా తక్కువా' అని వాదించుకోవాల్సిన పని లేదు. తరావీహ్ అయ్యాక ఆ మూల మీద ఒక గంట నిలబడి వచ్చేపోయే జనాన్ని చూస్తే, 17 ప్లేట్ల సంగతి ఒక అంచనాకి వస్తుంది.  

స్విగ్గీ, జొమాటో లాంటి యాప్‌ల మీద పెడితే కమిషన్ ప్లేటు ధరలో శాతంగా పోతుంది. ఎంత శాతం అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. 25 శాతం అనుకుంటే 200లో 50 పోయి, మిగిలేది 30. సగం ప్లేట్లు కౌంటర్ మీద, సగం యాప్‌లో పోతే సగటున ప్లేటుకి 55. అప్పుడు 4,000 ప్లేట్లు, రోజుకి 134. యాప్ వద్దని కాదు. కౌంటర్‌కి రాని కొత్తవాళ్లు యాప్‌లో వస్తే ఆ 30 కూడా అదనమే. కౌంటర్‌కి వచ్చేవాళ్లే ఇంట్లో కూర్చుని యాప్‌లో తెప్పించుకుంటే మాత్రం ప్రతి ప్లేటుకి 50 వదులుకున్నట్టు.

డేగిశాలో మిగిలిపోయింది

ఇంతవరకు లెక్క శుభ్రంగా ఉంది. నిజం భట్టీ ఇంత శుభ్రంగా ఉండదు. ఎందుకంటే ఇప్పటిదాకా ఎక్స్ అంటే అమ్మిన ప్లేట్లు అన్నాం. మటన్, నెయ్యి ఖర్చయ్యేది మాత్రం వండిన ప్లేట్లకి.

హలీం అడిగినప్పుడు వేసిచ్చే దోశ కాదు. గంటల తరబడి ఉడకాలి. సాయంత్రం ఎంత పోతుందో తెలియక ముందే, ఇంకా చెప్పాలంటే ముందు రోజు రాత్రే ఎంత మటన్ తేవాలో నిర్ణయించాలి. మిగిలింది మర్నాడు అమ్మకూడదు, అమ్మితే ఉన్న పేరు పోతుంది.

రోజుకి 120 ప్లేట్లకి వండి 100 అమ్మారనుకుందాం. వచ్చింది 20,000. సామాను ఖర్చు 120 ప్లేట్లకి, అంటే 14,400. మిగిలింది 5,600. నెలకి 1,68,000. స్థిర ఖర్చు 2,20,000. నష్టం 52,000.

ఇంకోసారి చూడండి. రోజుకి 100 ప్లేట్లు అమ్మారు, 92 చాలు అన్న లెక్క దాటారు, అయినా 52 వేలు పోయాయి. రోజుకి 20 ప్లేట్లు మిగలడం పెద్ద విషయంగా కనిపించదు. మిగిలింది ఇంటికి, చుట్టాలకి, మసీదు దగ్గర పేదవాళ్లకి వెళ్తుంది, మంచి పనే. కానీ అది లెక్కలో రాసుకోవాలి కదా. అలా మిగిలేటట్టయితే అమ్మిన ప్లేటు అసలు ఖర్చు 120 కాదు, 144. మిగిలేది 56. బ్రేక్ ఈవెన్ 3,929 ప్లేట్లు, రోజుకి 131. ధర తగ్గించిన దానికంటే, మూల జాగా కిరాయి కంటే ఇదే పెద్ద దెబ్బ. ఈద్ తర్వాత ఎక్కడ పోయిందో తెలియని డబ్బు చాలాసార్లు ఇక్కడే పోయి ఉంటుంది.

అమ్మకం రోజూ ఒకలా ఉండదు కాబట్టి తప్పు జరుగుతుంది. జుమా రోజు ఎక్కువ పోతుంది, మర్నాడు అదే లెక్కన వండితే మిగులుతుంది. వాన పడితే సగానికి పడిపోతుంది. ఆఖరి అషరాలో బట్టల బజారు రాత్రంతా నడుస్తుంది కాబట్టి అప్పుడు పెరుగుతుంది. అనుభవమున్నవాళ్లు మొదటి వారం కావాలనే తక్కువ వండుతారు. పదిన్నరకే 'హలీం అయిపోయింది' అని బోర్డు పెడితే పది ప్లేట్ల గిరాకీ పోతుంది, అంటే 800. అదే పది ప్లేట్లు మిగిలితే 1,200 పోతుంది. పైగా అయిపోయింది అన్న మాట ఊళ్లో తిరిగితే మర్నాడు జనం ముందే వస్తారు.

గీత ఎప్పుడూ తిన్నగా పోదనేది ఇంకోటి. ఒక భట్టీ మీద 150 ప్లేట్లే అవుతాయనుకోండి, 151వ ప్లేటు కోసం రెండో భట్టీ, ఇంకో మనిషి కావాలి. అక్కడ ఖర్చు మెట్టులా ఎగురుతుంది. అంత గిరాకీ వచ్చినప్పుడు ఆలోచించుకోవచ్చు.

రాసుకోని ఖర్చులు

అన్న తన మొబైల్ షాపు సాయంత్రాలు మూసేస్తాడు, తమ్ముడు ఆటో పక్కన పెడతాడు. ఇద్దరికీ కలిపి నెలలో 25,000 రాబడి పోతుందనుకుందాం. ఎవరి చేతికీ ఇవ్వలేదు కాబట్టి దీన్ని ఎవరూ ఖర్చు అనరు. కలిపి చూస్తే స్థిర ఖర్చు 2,45,000, రోజుకి 103 ప్లేట్లు. రోజుకి 100 ప్లేట్లు పోయి 20,000 లాభం వచ్చిందని సంబరపడే ఇల్లు, నిజానికి 5,000 వెనక ఉంది. ఇంట్లో ఉల్లిపాయలు తరిగి వేయించే ఆడవాళ్ల పని అయితే ఏ లెక్కలోనూ కనిపించదు. బయట మనిషిని పెట్టుకుంటే ఎంత అవుతుందో అంత రాసుకోవాలి. లేకపోతే వచ్చే ఏడు వాళ్లు చేయలేమన్నప్పుడు వ్యాపారం ఎందుకు నడవడం లేదో అర్థం కాదు.

పెట్టుబడి ఎలా వచ్చింది అన్నది కూడా గీతని కదిలిస్తుంది. రెండు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 6,000. అది పోయినా రాకపోయినా కట్టాల్సిందే కాబట్టి స్థిర ఖర్చులో చేరుతుంది. 6,000ని 80తో భాగిస్తే 75 ప్లేట్లు. వడ్డీ హరామ్ అన్న మాట అలా ఉంచినా, 75 మందికి వడ్డించిన మిగులు అంతా అప్పిచ్చినవాడి ఇంటికే వెళ్తుంది. ముదారబత్ పద్ధతిలో ఒకరు డబ్బు పెట్టి ఇంకొకరు పని చేస్తే, పెట్టినవాడికి ఇచ్చేది లాభంలో వాటా. బ్రేక్ ఈవెన్ దాటితేనే అది మొదలవుతుంది, కాబట్టి 2,750 అన్న చోటు కదలదు. నష్టం వస్తే, పని చేసినవాడి నిర్లక్ష్యం లేనంత వరకు, అది డబ్బు పెట్టినవాడిదే. పని చేసినవాడి కష్టం వృథా అవుతుంది. ఇద్దరూ డబ్బు పెట్టిన ముషారకత్ అయితే నష్టం ఎవరి పెట్టుబడి ఎంతో ఆ పాళ్లలో పంచుకోవాలి.

ఏ పద్ధతైనా, 'లాభం' అనే ముందు ఏవేవి ఖర్చులో వస్తాయో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవడం మంచిది. తమ్ముడి ఆటో రాబడి ఖర్చులో వేయాలా వద్దా, కొన్న రాగి డేగిశా మొత్తం ఈ ఏడు ఖర్చేనా లేక నాలుగైదు రంజాన్‌లకి పంచాలా, ఇంటికి తీసుకెళ్లిన హలీం ఎవరి ఖాతా. ఇవి ముందు రాసుకుంటే చిన్న విషయాలు. ఈద్ తర్వాత రాసుకుందామంటే పెద్దవవుతాయి.

పదో రోజు

భట్టీ మొదలయ్యాక 92 అన్న అంకె గల్లా పక్కన అతికించి, రోజూ కింద ఆ రోజు అమ్మకం రాయాలి. పది రోజులకి 917 ప్లేట్లు దాటాలి. 700 దగ్గర ఉంటే మిగిలిన 20 రోజుల్లో రోజుకి 103 కావాలని అర్థం. ఆఖరి అషరా ఉంది కాబట్టి అది అందని అంకె కాదు.

పది రోజుల్లో 500 ప్లేట్లే పోయాయనుకోండి. ఇంట్లో అందరూ ఒకటే మాట అంటారు, మూసేయండి, ఇంకా నష్టం ఎందుకు అని. ఇక్కడ చాలామంది 92నే పట్టుకుని తప్పు చేస్తారు. కిరాయి ఇచ్చేశారు, భట్టీ కట్టేశారు, డేగిశాల అద్దె అయిపోయింది. ఇవాళ మూసినా ఆ డబ్బు తిరిగి రాదు. మూస్తే మిగిలేది మిగతా 20 రోజుల జీతాలే. మాస్టర్, ఇద్దరు మనుషులు, కుర్రాడు కలిపి నెలకి 1,25,000, అందులో మూడింట రెండు వంతులు, సుమారు 83,333. దాన్ని 80తో, తర్వాత 20 రోజులతో భాగిస్తే 53 ప్లేట్లు వస్తాయి.

ఇక నుంచి రోజుకి 53 ప్లేట్లు దాటుతాయనిపిస్తే నడపడమే మేలు, నెల చివర నష్టమే వచ్చినా సరే. రోజుకి 60 చొప్పున పోతే నెల నష్టం 84,000 అవుతుంది. పదో రోజే మూసేస్తే 96,667. రోజుకి 50 కూడా పోకపోతే, మాస్టర్‌తో మాట్లాడి పనిచేసిన పది రోజుల జీతం ఇచ్చి మూసేయవచ్చు. మాస్టర్‌కి, మనుషులకి నెల మొత్తం జీతం ఇస్తామని ముందే మాట ఇచ్చి ఉంటే ఆ 83 వేలూ మిగలవు. అప్పుడు వండింది మిగలనంత వరకు ప్రతి ప్లేటూ 80 తెచ్చేదే, చాంద్ రాత్ దాకా భట్టీ ఆర్పాల్సిన పని లేదు.